గడియారం తిప్పక్కర్లేదు

బుధవారం రాత్రి విమానం.
ఇవాళ శనివారం, పదిన్నరైంది,
ఇంకా దుప్పట్లోనే ఉన్నాం.
ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద
ఇరవైమూడు పనుల జాబితా, నా దస్తూరీతో.
కొట్టేసింది ఒక్కటే:
'జాబితా రాయాలి.'

ఎల్బియో మాతే కలుపుకొచ్చాడు.
ఒకే సొరబుర్ర, ఒకే వెండి గొట్టం,
నీదో గుక్క, నాదో గుక్క.
మోంతెవిదేయోలో ఇదీ ఒక పనే.
తొందరపడితే నాలుక కాలుతుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు తపాలాఫీసులో ఉత్తరాలు వేరుచేశాను.
దూరదేశాల గూళ్ళు అన్నిటికంటే పై వరసలో ఉండేవి.
కొరియాకి నెలకి ఒకటో రెండో.
వాటికోసం స్టూలెందుకని
మునివేళ్ళ మీద లేచి పడేసేదాన్ని.
ఒకరోజు తీరిక దొరికి పటాల పుస్తకం తిరగేస్తే తెలిసింది,
మా నేలలో సూటిగా నుయ్యి తవ్వుకుంటూ పోతే
అవతల తేలేది దాదాపు అక్కడేనట.
ఇన్నాళ్ళూ మెడ చాచి అందుకున్న ఊరు
నా చెప్పుల కిందే ఉంది!
ఆ సాయంత్రం మిఠాయి డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టి
మొదటి నోటు వేశాం.
పదకొండేళ్ళు.
మధ్యలో రెండుసార్లు డబ్బా అడుగు కనిపించింది.
ఒకసారి కారే పైకప్పుకి,
ఒకసారి ఎల్బియో పళ్ళకి.

మధ్యాహ్నం మందులషాపుకని బయల్దేరాం.
దారిలో పార్కు. పార్కులో ముసలాళ్ళు
ఇనప గుండ్లు దొర్లించి ఆడుతున్నారు.
ఏ గుండు దగ్గరో తేలక తగువు.
ఎల్బియో చేతిరుమాలు పరిచి మోకాళ్ళ మీద కూర్చుని
తాడుతో కొలిచి తీర్పు చెప్పాడు.
ఓడినవాళ్ళు అప్పీలు చేశారు.
మళ్ళీ కొలిచాడు.
ఆకులు రాలుతున్నాయి, కోటు మీద, బల్ల మీద, నా ఒళ్ళో.
అక్కడ ఇప్పుడు చెట్లు పూస్తూ ఉంటాయట.
చలి మాత్రం రెండుచోట్లా ఇంతే కాబట్టి
కోటు ఒక్కటి చాలు.
లేచేసరికి మందులషాపు మూసేశారు.
శనగపిండి రొట్టె, చెరో గ్లాసు తియ్యటి ద్రాక్షసారా,
రాత్రి అలా అయిపోయింది.

ఆదివారం సంతకి వెళ్ళింది పెట్టె కొనడానికి.
నమ్మండి, పెట్టె కొన్నాం కూడా.
దానికి ముందు ఎల్బియో ఓ ఇత్తడి వాతావరణ యంత్రం కొన్నాడు.
ముల్లు 'మార్పు' దగ్గర బిగుసుకుపోయింది.
'ఇదెందుకయ్యా?'
'మనం లేనప్పుడు ఇంట్లో ఎవరో ఒకరుండాలిగా.'

బంగాళదుంపల దోరిల్దాని బతిమాలి
పెట్టెని ఆమె తక్కెడలో తూయించాం.
ఉత్తదే నాలుగు కిలోలు.
మాతే ఆకు పొట్లాలు వేశాను, ఇరవైనాలుగు రోజులకి ఐదు కిలోలు.
దోరిల్దా పెట్టెలోకి తొంగిచూసి అంది:
'బట్టల మాటేమిటి?'
వెనక నిల్చున్న గిరాకీ అంతా నవ్వింది.
ఎర్రబడ్డాను గానీ ఒక్క పొట్లమైనా తీయలేదు.

ఖాళీ పెట్టె చక్రాలు గలగలలాడుతుంటే
నది గట్టుకి నడిచాం.
పాలు తక్కువైన టీ రంగు నీళ్ళు,
అవతలి ఒడ్డు కనపడదు.
ప్రయాణం కట్టినవాళ్ళు చూడాల్సింది అటే కదా,
నేనేమో కిందికి చూస్తున్నాను.
ఎల్బియో చేతిగడియారం ముందుకి చాపాడు.
సరిగ్గా ఆరు.
'అక్కడా ఆరే. సోమవారం పొద్దున.
ముల్లు కదపక్కర్లేదు.'
ఇక్కడ అప్పుడే దిగుతున్న సూర్యుణ్ణి
అక్కడెవరో ఆవులిస్తూ చూస్తుంటారు.

మా కింది వాటా వాళ్ళు రేడియో పెద్దగా పెడితే
ఎల్బియో మడమతో నేల మీద మూడుసార్లు కొడతాడు.
ఇప్పుడూ కొట్టాడు, గట్టు రాళ్ళ మీద,
అంత గట్టిగా కాదు,
తలుపు తట్టినట్టు.

కాసేపు ఆగాం.
గాలం వేసుకున్న కుర్రాడొకడు తిరిగి చూశాడు.

ఇంటికొచ్చి జాబితాలో
'పెట్టె' కొట్టేశాను.
ఇంకా ఇరవై ఒకటి.
నీళ్ళు పొయ్యి మీద పెట్టమన్నాను.